ఆమె కొలత అడుగు

సర్వే ఆఫీసులో భూమి కొలిచే గొలుసు పట్టే పనిలో చేరిన కొత్తల్లో, కొండ ఈ కొస హద్దురాయి నుంచి ఆ కొస రాయి దాకా ఉత్త అడుగులతో కొలిచి గొలుసు లెక్కతో సరిపోయిందని చూపించడం ఆయన మొదటి విజయం. మూడుసార్లు తప్పి నాలుగోసారి గెలిచాడు: పద్దెనిమిది వేల నాలుగు వందల అడుగులు. తర్వాత పన్నెండు కొండలు కొలిచాడు, ఒక్కసారీ గొలుసు ఆయన్ని తప్పుపట్టలేదు. రిటైరయ్యాక ఏటా భార్యతో కొన్నాళ్ళపాటు ఆ గడ్డికొండల మీద నడిచేవాడు. కబుర్లలో పడి లెక్కపెట్టేవాడు కాదు. ఈ ఏడు ఆమె మోకాలికి ఆపరేషన్ అయింది. "మీరు వెళ్ళిరండి. ఇంట్లో కూర్చుంటే మిమ్మల్ని భరించడం నా వల్ల కాదు" అని సాగనంపింది.

మొదట కొలిచిన ఆ కొండ మీదే, వెయ్యి అడుగులకొక గులకరాయిని కుడిజేబులోంచి ఎడమజేబులోకి మారుస్తూ, ఎదురుగాలిలో పొద్దుటినుంచీ నడిచాడు. ఆ కొస హద్దురాయి చేరేసరికి మూడు వేల అడుగులు ఎక్కువొచ్చాయి. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. "లెక్క తప్పిందే. నా పని అయిపోయింది."

"ఏం అవలేదు, నిక్షేపంలా ఉన్నారు. నేను వెనకబడతానని మీరే అడుగు తగ్గించారు, గుర్తులేదూ? ఇప్పుడు పక్కన నేను లేనుగా, పెద్ద అంగలేసి నడవండి."

వేశాడు. ఒక మలుపు దాటేసరికి కాళ్ళు మళ్ళీ ఆమె కొలతకే వచ్చేశాయి. సన్నటి బాటలో ఎడమపక్కన ఒక మనిషికి చోటు వదిలి నడుస్తున్నానని కూడా అప్పుడే చూసుకున్నాడు. మళ్ళీ ఫోన్ చేసి, ఈ అడుగుతోనే నడిచి వస్తాను, ఒక రోజు ఆలస్యమవుతుందన్నాడు.

అవతల క్యాలెండర్ కాగితం చప్పుడైంది. "మీరొస్తానన్న పద్నాలుగు కొట్టేశాను. అక్టోబరు పదిహేను, దీపాలు పెట్టే వేళకి గుమ్మంలో ఉండాలి."