జీపుకు ఆయిల్ సీలు మార్చిన శనివారం

1949 ఆగస్టు 27, శనివారం. బెజవాడలో మా మేనమామ గారి ఇంటి దొడ్డి. ఉన్నవాళ్లం: జవుళి వ్యాపారం చేసే మావయ్య, అత్తయ్య, యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చిన మేస్త్రీ, నేను.

ఆ రోజు డైరీలో ఇంతవరకే రాయగలిగాను. మిగతాది తరవాత రాసుకున్నాను.

ముందురోజు సాయంత్రం కూచిపూడి అవతలి పల్లె నుంచి బావగారి పాలేరు సైకిలు మీద కబురు తెచ్చాడు. అక్కయ్యకు ఎనిమిదో నెల. కాళ్లూ ముఖమూ వాచాయి, కళ్లు మసకలు కమ్ముతున్నాయి. వెంటనే బెజవాడ పెద్దాసుపత్రికి చేర్చకపోతే తల్లికే ముప్పు అని అక్కడి డాక్టరు బావగారిని పక్కకు పిలిచి చెప్పారట. వానలకు దారంతా నల్లబురదై బస్సు నిలిచిపోయింది. కాలవలో పడవలున్నాయి గాని, ఎదురునీటికి గట్టు మీంచి తాడుతో లాక్కురావాలి. ఎప్పటికి చేరుతుందో చెప్పలేం. ఆ బురదలో పోగలిగింది మావయ్య జీపు ఒక్కటే.

యుద్ధం అయ్యాక మిలిటరీ వేలంలో మావయ్య దాన్ని కొన్నారు. నేతగాళ్ల ఊళ్లు తిరిగి చీరలూ పంచెలూ తెచ్చుకోవడానికి. ఏ కాలవైనా దాటించేవారు. అలాంటి జీపుకు వెనక ఇరుసు దగ్గర కొన్నాళ్లుగా నూనె కారుతోంది. మేస్త్రీ కిందికి దూరి చూశాడు.

"ఇలాగే వెళ్తే సగం దారిలో నూనె అయిపోద్దండీ. లోపల పళ్లచక్రాలు పట్టేసినాయంటే బండి కదలదు. నిండు గర్భిణిని బురదలో దించాల్సొస్తది."

ఇంజను నుంచి వచ్చే షాఫ్టు ఇరుసు మధ్యనున్న పళ్లచక్రాల పెట్టె, డిఫరెన్షియల్‌లోకి దూరే చోట నూనె కారకుండా ఆపే గుండ్రటి తోలు బిళ్ల ఒకటి ఉంటుంది. అదే ఆయిల్ సీలు. మిలిటరీ పాత సామాను అమ్మేవాడి దగ్గర మేస్త్రీ ఒకే ఒక్కటి సంపాదించాడు. అది ఎండి బిరుసెక్కి ఉంటే పొద్దుట నుంచి గోరువెచ్చని నూనెలో నానబెట్టాడు. షాఫ్టు విప్పే ముందు, దాని చివర బిగించిన నట్టు ఎక్కడ ఉందో అక్కడ ఉలితో చిన్న గాటు పెట్టాడు. మళ్లీ అక్కడికే బిగించాలట. ఎక్కువైనా తక్కువైనా పళ్లు అరుగుతాయట. పాత సీలు ముక్కలై ఊడివచ్చింది. కొత్తదాన్ని చెక్కముక్క అడ్డుపెట్టి చుట్టూ మెల్లగా తట్టి కూర్చోబెట్టాడు. నూనె పోశాడు. మావయ్య పటమట దాకా నడిపి తెచ్చారు.

నేనే ముందు వంగి చూశాను. కొత్త సీలు అంచున నూనె చుక్క వేలాడుతోంది. చూస్తుండగానే రాలి, ఇంకొకటి ఊరింది.

ఇంకో సీలు ఊళ్లో లేదు. పడవ మాట్లాడి రమ్మంటారా అని మావయ్యను అడిగాను. ఆయన చుట్ట వెతుక్కున్నారు.

మేస్త్రీ కిరసనాయిలు గుడ్డతో ఇరుసంతా తుడవసాగాడు. పైభాగం మీద బురద పోగానే ఎర్రగా ఏదో కనిపించింది. దీపం తెమ్మన్నాడు.

"షావుకారు గారూ, ఇదేంటండీ?"

"లక్క. అక్కడో బెజ్జం ఉంటే మూశాను. కాలవ దాటేటప్పుడు నీళ్లు దూరవూ? మనం రైల్లో పంపే బట్టల మూటలకి వేసేదే, చుక్క తేమ పోనివ్వదు."

"పోనివ్వలేదండీ, దేన్నీ. నూనె వేడెక్కితే లోపల గాలి పొంగుద్ది. అది బయటికి పోవడానికే ఆ బెజ్జం. మీరు మూసేస్తే నూనె సీలుని తోసుకుని వస్తంది. పైగా కొట్టు ముద్ర కూడా వేశారు."

"అలవాటు కొద్దీ పడింది," అన్నారు మావయ్య.

"ఇంకా నయం," అంది అత్తయ్య దీపం పట్టుకుని. "ఆ లక్క చేతిలో ఉండగా నేను ఎదురుపడలేదు. నా నోటికీ ముద్ర వేసుందురు."

"ఆ పనే ముందు చెయ్యాల్సింది," అన్నారు మావయ్య. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదలు.

"నేనూ సీలు వైపే చూశాను గాని పైకి చూడలేదు," అంటూ మేస్త్రీ మేకు ఒకటి కాల్చి లక్కలో గుచ్చాడు. బుస్సుమని గాలి వచ్చింది. మళ్లీ పటమట దాకా వెళ్లి వచ్చారు. నేను తెల్లగుడ్డతో సీలు చుట్టూ తుడిచి దీపం దగ్గర పట్టి చూశాను. మరక లేదు. నమ్మకం చాలక ఇంకోసారి తుడిచాను. అప్పుడు గాని నాకు ఆకలి తెలియలేదు.

మర్నాడు తెల్లవారకముందే బయల్దేరాం. కంకిపాడు దాటాక బురదలో రెండు చోట్ల కూరుకున్నా జీపు తనంతట తనే బయటపడింది. పల్లె చేరి అక్కయ్యను జీపులో పరుపు మీద పడుకోబెట్టి, తల బావగారి ఒళ్లో పెట్టి, ఎండ ముదరకముందే ఆసుపత్రికి చేర్చాం. డాక్టరమ్మ గారు పరీక్ష చేసి, "సమయానికి తెచ్చారు, ఇక మేం చూసుకుంటాం," అని లోపలికి తీసుకెళ్లారు. దారి పొడుగునా అక్కయ్య ముఖమే చూస్తూ వచ్చిన బావగారు వరండా మెట్టు మీద కూలబడి, దగ్గర్లో ఎక్కడైనా కాఫీ దొరుకుతుందా అని నన్ను అడిగారు.