కోటేష్ బావ, లెక్కలేనన్ని విశ్వాలు

మా బావ కోటేష్‌తో ఏ పని పెట్టుకున్నా అది తెమలదు. పాల్వంచలో కరెంటు ప్లాంటు ఆపరేటరు. మీటరు ముల్లు వెంట్రుకవాసి కదిలినా పట్టేస్తాడు. ఇంటి పనులు మాత్రం నాన్చుతాడు. ఈమధ్య దానికి ఫోన్‌లో వీడియోలు తోడయ్యాయి. విశ్వం ఒక్కటే కాదట, లెక్కలేనన్ని ఉన్నాయట, ఇక్కడ మనం చేయని పని ఇంకోచోట చేసే ఉంటామట. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తేల్చలేక పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే కిందామీదా పడుతున్నారు. నా గొడవ అది కాదు, బావ 'యాడీ' అని పిలిచే వాళ్లమ్మ మోతీ కన్ను.

మోతీ అత్తను కల్లూరు దగ్గరి తండా నుంచి మా అక్క హేమలత ఏడాది కింద క్వార్టర్‌కు తెచ్చుకుంది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదాంట్లో శుక్లం ముదిరింది. ఈ వారం దాటితే చూపు దక్కుతుందని చెప్పలేనన్నాడు డాక్టరు. మొన్న అత్త కాలుతున్న పెనం మీద చెయ్యి పెట్టింది. అయినా ఈ మహానుభావుడు ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టడు.

ఆదివారం నేనే వెళ్లి కాగితం ముందు పెట్టాను.

"చేయిస్తే ఒక విశ్వంల చూపొస్తది, ఇంకోదాంట్ల పోతది. చేయించకున్నా గంతే కిషన్‌లాల్," అన్నాడు.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఆ ఇంకోదానికి బస్సున్నదా బావా? ఉంటే ఎక్కు. లేకుంటే ఈడ సంతకం పెట్టు."

"ఏ లోకంలనన్న ఈయన ఒక్క పని టైముకు చేసిండేమో అడుగు తమ్మీ," అంది అక్క వంటింట్లోంచి.

బావ తల వంచుకున్నాడు. "నాయన పోయిన్నాడు నాకు రిలీవర్ రాలే. ఇంకోదాంట్ల వచ్చిండు. నేను తండాకు పోయిన."

తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి కూర్చుంటే తప్ప బావ సీటు వదలకూడదు. వాళ్ల నాయన బద్యా మామకు గుండెపోటని కబురొచ్చిన రోజు ఆ మనిషి రాలేదు. బావ ఇంకో ఎనిమిది గంటలు మీటర్ల ముందే ఉన్నాడు. ఆరేళ్లలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. నాకు జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

మంచం మీద నుంచి అత్త అడిగింది. "ఆడ మీ నాయనతోని మాట్లాడినవా?"

"మాట్లాడిన యాడీ."

"మంచిగైంది బిడ్డా. ఆయనకు కొడుకు దొరికిండు." మళ్లీ తనే అంది. "నాకు నీ మొఖం కనపడక ఆర్నెల్లాయె. నేనైతే ఈడనే ఉన్న."

బావ కాగితం ముందుకు లాక్కున్నాడు. సంతకం పెట్టి, షిఫ్టు ఇన్‌చార్జికి ఫోన్ చేశాడు. లీవు అడగలేదు, చెప్పాడు.

"రేపు నేను రాను సార్. మా యాడీకి ఆపరేషన్."