అభ్యంతరాల వీరభద్రరావు

వీరభద్రరావు గారికి అభ్యంతరం లేని విషయం సింగపూర్ ద్వీపంలో ఒక్కటీ ఉండేది కాదు. చెప్పాలనుకున్నప్పుడు లేచి నిలబడి, లేని కోటుని గుండెల దగ్గర సర్దుకుని, "అధ్యక్షా" అనేవారు. ఎదురుగా ఉన్నది బస్సు డ్రైవరైనా, ఉప్మా వడ్డిస్తున్న భార్య శ్యామలాదేవి అయినా సరే. బ్రిటిషువాళ్ల కాలంలో, పంతొమ్మిదివందల ఇరవైలలో, ఆయన తాతగారు మదరాసు శాసనమండలి సభ్యులు మరి. అక్కడ తాతగారు దంచిన ఉపన్యాసాలంటూ రోజూ అందరికీ వినిపించేవారు.

ఈ సంగతి మహీధర్‌కి మొదటి రోజే తెలిసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వానలా కురుస్తున్న రోజులవి. సెరంగూన్‌లో వాళ్ల ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని, సూట్‌కేసు ఇంకా కింద పెట్టలేదు.

"అధ్యక్షా, ఈ బ్లాకులో లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఎందుకు ఆగదు?"

"నాకు తెలీదంకుల్."

"సభ్యుడికి తెలియదట. నమోదు చేసుకో" అన్నారాయన వంటింటి వైపు తిరిగి.

"చేసుకున్నా. అబ్బాయిని కూర్చోనివ్వండి" అంది శ్యామలాదేవి.

ఆయనతో తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌కి వెళ్లడం మరీ కష్టం. అక్కడ ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళితే చాలు, ఆ చోటు మనదే. దాన్ని చోప్ చేయడం అంటారు. ఓ మధ్యాహ్నం అలాంటి ప్యాకెట్ ముందు నిలబడి ఆయన ఊగిపోయారు.

"సీటు కోసం మా తాతగారు ఎర్రటెండలో ఎడ్లబండి మీద మూడు తాలూకాలు తిరిగారు. ఈ కాగితం ఏ నియోజకవర్గంలో గెలిచిందయ్యా?"

"అంకుల్, అన్నం చల్లారిపోతోంది."

"చల్లారనీ. ముందు ఇది రాజీనామా చెయ్యాలి."

ఇంతలో ప్యాకెట్ తాలూకు చైనా అవ్వ నూడుల్స్ గిన్నెతో వచ్చి కూర్చుంది. ఆయన ఆవిడకి నమస్కారం పెట్టి, మిగిలిన ఉపన్యాసం నిలబడే ముగించి, అన్నం కూడా నిలబడే తిన్నారు.

మహీధర్ తెలుగు సంఘానికి కార్యదర్శి అయ్యాక ఇంట్లో పడుతున్నది చాలక సమావేశాల్లోనూ పడాల్సి వచ్చింది. ఆ ఉగాది ముందు ఆదివారం అధ్యక్షుడు ఉపేంద్ర ఒక తీర్మానం చదివాడు. హాలు చిన్నది కాబట్టి పండగ భోజనం కుటుంబాలకే. షిప్‌యార్డు వర్కర్లకి ఇంకెప్పుడైనా చూద్దాం. వాళ్లూ సంఘం సభ్యులే, కానీ ఆ పూట పనిలో ఉన్నారు. పది నిమిషాల్లో తేలిపోతుందని అందరూ అనుకున్నారు.

"అధ్యక్షా, అభ్యంతరం."

హాలంతా మూలిగింది. ఆయన ఎడ్లబండితో మొదలుపెట్టి, ఎన్నిక గెలిచి, మదరాసు రైలెక్కి, దారిలో గూడూరు స్టేషన్లో తాతగారి తలపాగా పోగొట్టారు.

"రావుగారూ, విషయానికి రండి" అన్నాడు ఉపేంద్ర.

"ఎలా వస్తానండీ? తలపాగా ఇంకా గూడూరులోనే ఉంది."

పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. మహీధర్‌కి ఒళ్లు మండిపోయింది. పోయి అరవై ఏళ్లయినా ఈ తాత మనల్ని వదలడా అనుకుంటూ వెళ్లి ఆయన చెవిలో, "అంకుల్, ఇంక కూర్చోండి. అందరూ తిట్టుకుంటున్నారు" అన్నాడు.

ఆయన మంచినీళ్లు తాగుతున్నట్టు తల వంచి, చేతిలోని సెల్‌ఫోన్‌లో మెసేజీ చూసుకున్నారు. "తిట్టుకోనీ. లారీ ఇప్పుడే తోవా పాయో పేట దాటిందట."

"ఏ లారీ?"

"జురాంగ్ షిప్‌యార్డు నుంచి కొండయ్య వాళ్లది. నిన్న నేనే వెళ్లి చెప్పొచ్చాను. వాళ్ల మీద తీర్మానం వాళ్లు లేకుండా పెడతారా? ఆ రోజుల్లో శిస్తు కట్టేవాళ్లకే ఓటయ్యా. ఓటు లేని కూలీల మీద చట్టం చేస్తుంటే మా తాత మాట్లాడకుండా చెయ్యెత్తి వచ్చాడు. ముసలితనంలో అది గుర్తొస్తే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఆ మండలిలో ఆయన ఏనాడూ నోరు విప్పలేదు."

"మరి ఇన్నాళ్లూ మాకు వినిపించిన ఆయన ఉపన్యాసాలు?"

"నావే."

మహీధర్ ఆయన గ్లాసులో మళ్లీ నీళ్లు పోశాడు. తర్వాత సభ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా, గూడూరు సంగతి నాకు సరిగా అర్థం కాలేదు. రావుగారు మొదట్నుంచీ చెప్పాలి."

ఆయన చెప్పారు. తలపాగా దొరికి, మళ్లీ పోయేసరికి, తలుపు తెరుచుకుని నీలం యూనిఫారాల్లో ముప్ఫై మంది లోపలికొచ్చారు. అందరికన్నా ముందున్న కొండయ్య హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఓవర్‌టైం ఏసిండ్రు సార్, లేటయింది. ఓట్లు అయిపోయినయా?"

అప్పుడే మొదలయ్యాయి. తీర్మానం వద్దంటూ గ్రీజు చేతులు లేచాయి, వాటితోపాటు మహీధర్ చెయ్యీ, వెనక వరసలో శ్యామలాదేవి చెయ్యీ లేచాయి. తీర్మానం ఓడిపోయింది.

ఉపేంద్ర నుదురు తుడుచుకున్నాడు. "బాగానే ఉంది. ఇంతమందికి ఈ హాలు చాలదు కదా. బయట పందిరి వేయించాలి. ఎవరు వేస్తారు?"

"పందిరెంత సార్" అన్నాడు కొండయ్య. "ఓడలే కడుతున్నం."

ఉగాది నాడు అందరూ ఆ పందిరి కిందే తిన్నారు. దాన్ని ఎంత గట్టిగా కట్టారంటే, విప్పడానికి మళ్లీ వాళ్లనే భోజనానికి పిలవాల్సి వచ్చింది.