లీజా ఫొటో వెనక మొదటి మాట

1921 వేసవిలో పోస్టు జవాను బందరులో దయామణికి ఒక కవరు ఇచ్చి వెళ్ళాడు. లోపల ఉత్తరం లేదు, ఫొటో ఉంది. తెల్లగౌను వేసుకుని, పూలగుత్తి పట్టుకున్న పిల్ల. విచ్చుకున్న చెవులు చూడగానే దయామణి గుర్తుపట్టింది. లీజా! పొగాకు కొనుగోలుకు వచ్చి బందరులో కాపురమున్న జర్మను దొర కూతురు. పుట్టిన్నాటి నుంచి రెండేళ్ళు ఆ పిల్లను దయామణే సాకింది. యుద్ధం వచ్చాక సర్కారు ఆ కుటుంబాన్ని ఓడెక్కించి పంపేసింది.

ఫొటో వెనక ఏదో రాసి ఉంటే బడిపంతులు విల్సన్‌కు చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఇంగ్లీషు కాదు దయమ్మా. మొదటి మాట మాత్రం తెలుస్తోంది. డీ, ఐ, ఈ... డై." గొంతు తగ్గించాడు. "అంటే చనిపోవడం. ఆ వరసలోనే పాప పేరుంది."

రెండు రోజులు దయామణి పొయ్యి వెలిగించలేదు. ఆదివారం చర్చిలో పాదిరిగారు ఆమెకు ఓదార్పు కలగాలని ప్రార్థన చేస్తుంటే కూర్చోలేక లేచి వచ్చేసింది.

మర్నాడు పక్కింటి ఇమాంబీ జావ తెచ్చింది. సంగతి విని, "మా బాజీకి చూపిద్దాం. ఓడమీద కళాసీగా వెళ్ళి యుద్ధంలో నాలుగేళ్ళు జర్మనీ చెరలోనే ఉన్నాడు గదా" అని కొడుకును కేకేసింది.

బాజీ ఫొటో తిప్పి చూసి పకపకా నవ్వాడు.

"నవ్వుతావేంట్రా!" దయామణికి ఒళ్ళు మండింది.

"పిల్ల బతికే ఉందత్తా! అది డై కాదు, డీ. ఇంగ్లీషోళ్ళకి చావు. జర్మనోళ్ళు పేరు ముందు ఊరికే తగిలించే ముక్క. నన్నొదిలాక హాలండు మీదుగా వస్తే, అక్కడోళ్ళు 'అది' అని చూపించడానికి అదే మాట వాడుతున్నారు. 'చిన్నారి లీజా, ఏడేళ్ళ వయసు.' ఇంతే రాసుంది."

"మళ్ళీ చదువు."

నాలుగుసార్లు చదివించుకుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆకలి. చల్లారిన జావ గిన్నె ఎత్తి గటగటా తాగేసింది. కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

సాయంత్రం విల్సన్ తలొంచుకుని వచ్చాడు. "ఎంత పని చేశానమ్మా!"

"మీకు తెలిసిన భాషలో మీరు చదివారండీ మేష్టారూ. కూర్చోండి, కాఫీ పెడతాను."

ఆ తర్వాతి ఆదివారం ప్రార్థన ముగియకముందే దయామణి లేచి నిలబడింది. "నా బిడ్డ బతికే ఉందండీ, పాదిరిగారూ!" అంది. ఫొటో ముందు వరసవాళ్ళ చేతికిచ్చి, "ఎంత పొడుగైందో చూడండి" అంటూ ఒక్కొక్కరి వెంటా నడిచింది.