మూల కుర్చీ

మా వేంపల్లెలో దోసెల హోటలు నడిపే మామకు ఒక అలవాటుండేది. ఫ్యాక్షన్ గొడవలున్న మనిషి ఎవరొచ్చినా, "గోడకానుకోని కూచోప్పా" అని మూల కుర్చీ చూపించేవాడు.

ఒకసారి హోటలుకు వీడియో తీయించి, నా నెట్ సెంటర్ నుంచి ఇంటర్నెట్‌లో పెట్టమన్నాడు. మూలలో వెలుతురు చాలక, అక్కడ కూర్చునే పెద్దాయనను తనే వాకిట్లోకి లాక్కొచ్చాడు. ఆయన కారందోసె తుంచుతూ, "ప్రతి సోమారం ఈడ్నే తింటానప్పా" అని నవ్వాడు.

ఆ వీడియో ఆయన శత్రువులూ చూశారు. మరుసటి సోమవారం నాటుబాంబు పొగలోంచి వేటకొడవళ్లు దూసుకొచ్చాయి. గోడకానుకున్న మనిషిని ఆనుకున్నట్టే నరికారు.

హోటలు మళ్లీ తెరిచాక, మామ వాకిట్లో వీధికి వీపు పెట్టి కూర్చునేవాడు.

"ఎవడైనా వెనకనుంచి వస్తే, మామా?"

"రానీలేరా. వాళ్లకు దావ చూపిచ్చింది నేనే గదా."