భూమి లేనోని ఫోటో

చేసిన పాపం చెప్పుకుంటే పోతదంటరు. నాకైతే ఆ నమ్మకం లేదు. అయినా చెప్తున్న. నేపాల్ల భూమి హక్కుల మీద రాసిన రిపోర్టు ఒకటి ఏ కంప్యూటర్లనో ఉంటది. అండ్ల ఒక లైను అబద్ధం. అది నా నోట్లెంచి పోయింది.

నేను దోహాల బిల్డింగులు రిపేర్ చేసే కంపెనీల టైమ్ కీపర్ని. ఎవడు ఎన్నింటికి డ్యూటీకి వచ్చిండు, ఎవడు ఎగ్గొట్టిండు, అది రాసుకునుడు నా పని. మాది జగిత్యాల దిక్కు పల్లె. కంపెనీ మాకు దోహాలనే నజ్మా అనే పేటల రూమిచ్చింది, ఆరుగురం ఉంటం. పై మంచం నాది, నా కింది మంచం ఒక నేపాలాయనది. ప్లంబరు. నాకంటే అయిదేండ్లు చిన్న. వాళ్ళూరు బీహారు బార్డరుకు ఆనుకోని ఉంటది. కులానికి దళితుడు. మేం హిందీల మాట్లాడుకుంటం, నన్ను భయ్యా అంటడు. నాకు జరమొచ్చి వారం పండుకుంటే డ్యూటీ నుంచి వచ్చి జావ కాసి తాపినోడు వాడొక్కడే. మా తెలుగోళ్ళు మిగిలిన నలుగురు 'ఎట్లున్నదే' అని అడిగి సెల్లు చూసుకునేటోళ్ళు.

ఒక శుక్రవారం మా రూము కింది హోటల్లకు ఒక మేడమ్ వచ్చింది. ఏదో యూనివర్సిటీల రీసెర్చ్ చేస్తదట. నేపాల్ల భూమి ఎవరికున్నది, ఎవరికి లేదు, సర్కారు చేసే చట్టాలు కింది కులాల దాకా వస్తున్నయా లేదా, ఇది ఆమె సబ్జెక్టు. భూమి లేకనే గల్ఫుకొచ్చినోళ్ళు ఇక్కడ ఇంతమంది ఉండంగ ఇక్కడ అడిగితే ఏంది అని బయలుదేరింది. ఆమెకు ఇంగ్లీషే వచ్చు. మావోనికి ఇంగ్లీషు రాదు. మధ్యల నేను కూసున్న. డిగ్రీ చదివిన గదా, ఆ రూముల నేనే పెద్ద పండితుణ్ణి.

'మీకు సొంత భూమి ఎంతున్నది?' అని అడిగింది. వాడు నవ్విండు.

'చెప్పు భయ్యా మేడమ్‌కు. కాల్వ గట్టు మీద మా తాత గుడిసె ఏసిండు. అండ్లనే మా నాయిన పుట్టిండు, నేను పుట్టిన, నా బిడ్డ పుట్టింది. జాగ సర్కారుదంటరు. మాలిక్ తనదంటడు. మాది అని మాత్రం ఎవడూ అనలే.'

మాలిక్ అంటే వాళ్ళూరి భూస్వామి. ఊరి చుట్టు పొలాలన్ని ఆ ఇంటియే. మేడమే అప్పుడు ఒక సంగతి చెప్పింది. అక్కడి సర్కారు భూమి లేని దళితుల దగ్గర దరఖాస్తులు తీసుకుంటున్నదట. గుడిసె ఉన్న జాగను కొలిచి, ఆలుమగలిద్దరి పేరు మీద పట్టా ఇస్తదట.

ఆ పొద్దు వానికి అన్నం సయించలే. 'పట్టా ఒస్తే మాలిక్ మా ఆమెను లేచిపో అనలేడు గదా భయ్యా?' అని ఒకటే అడుగుడు. అనలేడురా నాయినా, అనలేడు అని చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది.

దరఖాస్తు వాని భార్య అక్కడ ఆఫీసుల పెట్టాలె. ఇద్దరి ఫోటోలు కావాలె. వాడు రూముల గోడకు నిలబడి ఫోన్ల ఫోటో దిగి నాకు చూపిచ్చిండు. డ్యూటీ డ్రెస్సు, లోపలికి పోయిన బుగ్గలు, మెడ కాడ గ్రీజు మరక. 'ఇది పంపనా భయ్యా?' అన్నడు.

పంపు అని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? అనలే. 'ఛీ, జేబుదొంగ లెక్క ఉన్నవురా! పట్టా మీద ఫోటో అంటే సచ్చినంక కూడ ఉంటది. మనవలు చూస్తరు. పద' అని వాన్ని గుంజుకపోయిన.

నజ్మాల ఫోటో స్టూడియోల ఒక నల్ల కోటు కొక్కేనికి ఏలాడుతుంటది. టై ముడి ముందే ఏసి ఉంటది, ఎనక ఎలాస్టిక్కు. మా దిక్కు నుంచి వచ్చినోళ్ళంత ఆ కోటు తొడుక్కునే ఫోటో దిగుతరు. ఇంటికి పంపితే ఫ్రేము కట్టించి గోడకు కొడతరు, పిల్లనిచ్చేటోళ్ళకు చూపిస్తరు. మా ఊరోళ్ళకు ఖతర్ అంటే తెల్వది, అంత దుబాయే. 'దుబాయ్ల సేటు లెక్క ఉన్నడు' అని మురుస్తరు. కోటు కింద లుంగీ ఉన్నా ఫోటోల రాదు. నాకు పిల్ల కుదిరింది కూడ ఆ కోటు మీదనే. సొమ్మొకడిది సోకొకడిది అని మా అమ్మ నవ్వేది.

వాడు కోటు చూసి ఎనకకు జరిగిండు. 'వద్దు భయ్యా, నాది కాదు గదా' అన్నడు.

'ఎవనిదైతే ఏంది, ఒంటి మీదున్నంత సేపు నీదే' అన్న. చెమట వాసన, పౌడరు వాసన కొడుతున్న ఆ కోటును నా చేతులతోటి తొడిగిన. తల దువ్విన. గడ్డం జర పైకి లేపమన్న. స్టూడియో ఆయన బుగ్గలు కంప్యూటర్ల నింపి, మొఖం తెల్లగ చేసిండు. వాడు ఆ ఫోటో చేతుల పట్టుకోని, ఎవరిదో అన్నట్టు చానసేపు చూసిండు.

ఇంకో ఘనకార్యం కూడ చేసిన. ఏం పని చేస్తడన్న కాడ వాడు కూలి అని రాయిద్దామన్నడు. నేను వాని భార్యకు ఫోన్ల చెప్పి, 'పైప్ టెక్నీషియన్, ఖతర్' అని రాయించిన.

తెల్వక చేసిన అంటే నన్ను నేనే చెప్పుతోటి కొట్టుకోవాలె. మా ఇంటికి రేషన్ కార్డు సర్వేకు వస్తున్నరంటే మా అమ్మ ఏం చేసేది? టీవీని పక్కింట్ల పెట్టించేది. నన్ను బండి తీస్కోని పొలం కాడికి పొమ్మనేది. మెడల గొలుసు తీసి బియ్యం డబ్బల ఏసి, పాత చీర కట్టుకోని గడప మీద కూసునేది. సర్కారు ముందట ఎట్ల కనపడాల్నో మా ఇంట్ల పసిపోరలకు కూడ తెల్సు. అసువంటి ఇంట్ల పుట్టి, మంది దరఖాస్తుకు కోటు తొడిగిచ్చిన! ఎందుకంటే నా పక్కన నిలబడేటోడు బీదోని లెక్క కనపడితే నాకు నామోషి. ఆ రోజు దాన్ని ప్రేమ అనుకున్న.

నాలుగైదు నెలలకు కబురొచ్చింది. దోహాలనే ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటల ఒక బిల్డింగు మీద నీళ్ళ ట్యాంకు పని నడుస్తున్నది, నేను హాజరు తీసుకోనీకి పైకి పోయిన. వాడు ఫోను చెవుకు పెట్టుకోని ట్యాంకు నీడకు కూలబడి ఉన్నడు. అవతల వాని భార్య ఏడుసుకుంట చెప్తున్నది.

పట్టాలు ఎవరికొచ్చినయో పేర్లు చదివే రోజు ఊరంత కూసున్నదట. దరఖాస్తులు చూసే కమిటీల మాలిక్ తమ్ముడే పెద్దమనిషి. ఫోటో అందరికి తిప్పి చూపిచ్చిండట. 'చూడుండ్రి, ఈ బాబుసాబుకు భూమి లేదట! ఖతర్ల టెక్నీషియనట. సంపాయించి జాగ కొనుక్కునేటోనికి సర్కారు జాగ ఎందుకు?' అన్నడట. అందరు నవ్విన్రట. సొంత సంపాదనతోటి జాగ కొనుక్కోగలిగినోడు భూమి లేనోళ్ళ లెక్కల రాడని సర్కారు కాయిదంల ఉన్నది, దరఖాస్తు కొట్టేసిన్రు. వాళ్ళ వాడలనే నలిగిన అంగీలతోటి ఫోటో దిగినోళ్ళ పేర్లు లిస్టుల ఉన్నయి. వాళ్ళ కొడుకులు కూడ గల్ఫులనే ఉన్నరు.

పదిహేను రోజులకు గుడిసె పీకేసిన్రు. పట్టా లేంది ఆమె ఏమని అడ్డం పడుతది? అత్తను, బిడ్డను తీస్కోని మాలిక్ పశువుల కొట్టం పక్కన రేకు కిందికి పోయింది. ఉండనిచ్చినందుకు రోజు పెండ తీయాలె, వాళ్ళ పొలంల నాట్లెయ్యాలె. కూలి లేదు. మాలిక్ ఇంట్ల తాత చేసిన చాకిరీ నుంచి ఇంటోళ్ళను తప్పించాలనే వాడు ఇంత దూరం వచ్చిండు.

నన్ను మాత్రం ఒక్క మాట అనలే. తిడితే బాగుండు, రెండు గుద్దితే ఇంకా బాగుండు. 'నీ తప్పేమున్నది భయ్యా, మాలిక్ ఎట్లనన్న కొట్టేయించేటోడే' అన్నడు. కావచ్చు. కాని ఆ మాలిక్ చేతికి సాకు అందిచ్చింది నేను.

కొన్ని నెలలకు మేడమ్ మళ్ళ వచ్చింది. దరఖాస్తులు ఏమైనయో తెలుసుకుంటదట. అదే హోటల్ల కూసున్నం. ట్యాబు తీసి అడుగుడు మొదలు పెట్టింది. దరఖాస్తు పెట్టిన్రా? పెట్టిన. పట్టా వచ్చిందా? రాలే. ఎందుకు రాలే?

వాడు నిమ్మళంగ చెప్పిండు. 'ఫోటోల కోటున్నది మేడమ్. కోటున్నోనికి భూమెందుకన్నరు. ముందు దిగిన ఫోటో పంపితే వచ్చేదేమో. ఇప్పుడు మా ఆమె మాలిక్ ఇంట్ల పెండ తీస్తున్నది.'

మేడమ్ నా దిక్కు చూసింది. నేను చాయ్ ఒక గుటక మింగిన. 'సరైన కాయిదాలు లేవని కొట్టేసిన్రట మేడమ్, గుడిసె పోయింది' అని ఇంగ్లీషుల చెప్పిన. ఆమె ట్యాబుల దానికొక గడి ముందే తయారుగ ఉన్నది. పాపం అనుకుంట నొక్కింది.

ఫోటో, కోటు ఇంగ్లీషు మాటలే గదా, వానికీ తెల్సు. అవి వస్తయని ఇనుకుంట కూసున్నడు. రాకపోయే సరికి నా మొఖం చూసిండు. నేను గ్లాసు దిక్కు చూసిన. ఆగు మేడమ్, తప్పు చెప్పిన అనేందుకు చానా టైమున్నది. ఆమె ఇంకో పది ప్రశ్నలు అడిగింది. పదింటికీ నేను నోరు తెరిచిన, ఆ ఒక్క మాట మాత్రం అనలే.

ఆఖరుకు అడిగింది: 'దరఖాస్తు పెట్టేటప్పుడు మీకు ఎవరన్న సాయం చేసిన్రా?'

నేనే వాన్ని హిందీల అడగాల్సి వచ్చింది. అడిగిన.

వాడు నా భుజం మీద చెయ్యేసిండు. 'ఈ భయ్యానే. అంత దగ్గరుండి చేసిండు. సొంత అన్న కూడ ఇంత చెయ్యడు.'

ఆ మాట మాత్రం ఒక్క ముక్క పోకుండ ఇంగ్లీషుల చెప్పిన. మేడమ్ నన్ను చూసి మెచ్చుకోలుగ నవ్వి, రాసుకున్నది.