తిరిగి అడిగే నూలుదండ

పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగించుకుని చర్చి బయటికి వస్తుంటే, ప్రభుత్వాసుపత్రి ఆయా గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమె చర్చికి వచ్చే మనిషి కాదు. నన్ను చూసి దగ్గరికి వచ్చి, "పెద్దమ్మ పోయిందమ్మా. తెల్లారుజామున. నిద్రలోనే పోయినట్టుండాది" అంది. డ్యూటీ మధ్యలో వచ్చానని చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని, అట్లే వెనక్కి తిరిగి నడిచింది.

నంద్యాలలో మా మహిళా సంఘానికి మొదటి నుంచీ అధ్యక్షురాలు ఆ పెద్దమ్మే. చిన్నవాళ్ళూ పెద్దవాళ్ళూ అందరం పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళం. దేశ స్వాతంత్ర్యం కోసం ఏదో ఒకటి పోగొట్టుకున్న ఇళ్ళ ఆడవాళ్ళం కలిసి పెట్టుకున్న సంఘం అది. ఆమె భర్త జైలుకు వెళ్ళి, ఆరోగ్యం చెడి తిరిగివచ్చి, మన జెండా ఎగరడం చూడకుండానే పోయాడు. మా నాయన ఖద్దరు కట్టుకుని బడికి వెళ్ళినందుకు పంతులు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మిగిలిన వాళ్ళ ఇళ్ళలోనూ ఇటువంటివే.

ఆమె అంతిమయాత్రకు వచ్చిన పెద్దమనుషులు కొందరు ఒక మాట అన్నారు. "ఊరందరికీ నూలుదండలు వేసిన సంఘం, సొంత అధ్యక్షురాలికి ఒక్కటి వెయ్యలేదేంది?" అని. అది జవాబు చెప్పే చోటు కాదు. నేను గొంతెత్తి మాట్లాడే మనిషినీ కాదు. దండ వద్దని ఆమే మాకు చెప్పి ఉంది. ఎందుకు వద్దందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా సంఘంలో ప్రతి ఒక్కరూ రోజూ కాసేపు నూలు వడకాలి. ఆ నూలును చుట్టలుగా చుట్టి, ఆ చిలపలనే జెండా పండుగలకు వచ్చిన పెద్దల మెడలో దండలుగా వేసేవాళ్ళం. సభ ముగిశాక దండలన్నీ తిరిగి తీసుకునేవాళ్ళం. నూలంతా కూడిన తర్వాత నేతగాడికి ఇచ్చి గుడ్డ నేయించి, ఆసుపత్రిలో కాన్పుల వార్డుకు పొత్తిగుడ్డలుగా ఇచ్చేవాళ్ళం. కాన్పుకు వచ్చే కూలివాళ్ళ దగ్గర పుట్టిన బిడ్డను చుట్టడానికి మంచి గుడ్డ ఉండేది కాదు ఆ రోజుల్లో. "దండ మెడలో గడియసేపు, గుడ్డ బిడ్డ మీద ఏడాది" అనేది పెద్దమ్మ.

ఈ నియమం విషయంలో ఆమెకు ఎవరైనా ఒకటే. ఒక పంద్రాగస్టుకు వచ్చిన పెద్ద అధికారి దండతోనే జీపు ఎక్కాడు. ఆమె జీపుకు ఎదురుగా వెళ్ళి నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె కదల్లేదు.

"ఏం కావాలమ్మా?" అన్నాడు అధికారి తల బయటికి పెట్టి.

"దండ."

"ఏం దండ?"

"మీ మెడలోదే నాయనా. అది ఆసుపత్రిది."

ఆయన నవ్వి తీసి ఇచ్చాడు. వెనక సీట్లో ఉన్న గుమాస్తా మాత్రం తల దించుకున్నాడు. మరుసటి సంవత్సరం అదే అధికారి వచ్చి, సభ ముగియక ముందే దండ తీసి బల్ల మీద పెట్టాడు.

మేము చేసిన మొదటి గుడ్డలు అసలు పనికిరాలేదు. ఆ సంగతి కూడా రాయాలి. ఎంతో ఆశగా మూటకట్టుకుని వార్డుకు తీసుకుపోతే, ఆయా ఒక గుడ్డ చేతిలోకి తీసుకుని చూసింది. "ఇది గుడ్డనా, గోనెసంచినా పెద్దమ్మా? దీంట్లో చుడితే బిడ్డ వీపు ఏం కావాల?"

పెద్దమ్మకు కోపం వచ్చింది. "ఖద్దరే! మహాత్ముడు కట్టలేదా?"

"కట్న్యాడు. పుట్టిన దినమే కట్న్యాడా?"

వార్డులో బాలింతలంతా నవ్వారు. పెద్దమ్మ మూట తిరిగి కట్టింది. దారిలో మాత్రం, "దాని నోరు మంచిది కాదు గానీ, మాట మంచిదే" అంది. పెద్దవాళ్ళు కట్టి విడిచిన మెత్తటి పాతగుడ్డనే పసిబిడ్డకు చుట్టడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నది. దేశభక్తిలో పడి మేము ఆ సంగతి మరిచిపోయాం. అప్పటినుంచీ గుడ్డలు నేయించి మేమే పంచుకునేవాళ్ళం. ఒకరు తలకింద వేసుకునేవారు, ఒకరు భుజం మీద వేసుకునేవారు. నేను నాది ప్రార్థనకు వెళ్ళేటప్పుడు మోకాళ్ళ కింద వేసుకునేదాన్ని. ఉతికి, కట్టి, మళ్ళీ ఉతికి మెత్తబడ్డాక పెద్దమ్మకు తెచ్చి ఇవ్వాలి. ఆమె మోచేతి మడతలో రుద్ది చూసేది. చర్మం ఎర్రబడితే తిరిగి మా మొహాన వేసేది.

నా ప్రార్థనల మీద ఆమెకు గౌరవం ఉండేది. దాన్ని ఆమె తన పద్ధతిలో చూపించేది. కాన్పుల వార్డులో నేను ఒక తల్లి కోసం ప్రార్థిస్తుంటే, "మెల్లిగా అడుగు మీ దేవుణ్ణి. బిడ్డలు నిద్రపోతాండారు" అనేది. నా గొంతు అసలే పక్కవాళ్ళకు వినపడదు.

ఇక ఆళ్ళగడ్డ సంగతి. స్వాతంత్ర్య రజతోత్సవానికి ప్రభుత్వం సమరయోధులకు తామ్రపత్రాలు ఇచ్చింది. జైలుకు వెళ్ళినట్టు కాగితం ఉన్నవాళ్ళకే అవి అందాయి. కాగితం లేనివాళ్ళను మనమైనా గౌరవించాలని పెద్దమ్మ పట్టుబట్టింది. ఆళ్ళగడ్డలో ఒక బడి వరండాలో సభ పెట్టాం. పిలిచినవాళ్ళలో దూది ఏకే ముస్లిం పెద్దాయన ఒకడున్నాడు. ఉద్యమం రోజుల్లో ఆయన ఏకిన దూదిని మూటకట్టుకుని చాగలమర్రి దాకా పల్లెపల్లెకూ నడిచి, రాట్నాలు తిప్పేవాళ్ళకు ఇచ్చేవాడట. పోలీసులు ఒకసారి మూట తగలబెట్టి ఆయన్ను కొట్టారు. అప్పటినుంచి ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు.

"జైల్లో ఏసింటే కాగితమన్నా ఉండేది. కొట్టి ఇడిసిపెట్టిరి. దెబ్బలకు ఎవరిస్తారు కాగితం?" అన్నాడు సభలో మాట్లాడమంటే. అంతే ఆయన ఉపన్యాసం.

పెద్దమ్మ దండ వేసింది. ఆయన దాన్ని ఒక చేత్తో పట్టుకుని, సభ అయ్యేదాకా వేళ్ళతో నూలు తడుముతూ కూర్చున్నాడు. తర్వాత అందరికీ ఉగ్గాని, బజ్జీ పొట్లాలు ఇచ్చారు. నేను ఎప్పటిలాగే గుడ్డసంచి తెరిచి దండల కోసం ఒక్కొక్కరి ముందూ నిలబడుతూ వచ్చాను. ఆయన ముందుకు వచ్చేసరికి, నేను సంచిలోంచి ఇంకేదో ఇస్తాననుకున్నట్టుంది, పొట్లం పక్కన పెట్టి చెయ్యి చాపాడు.

పెద్దమ్మే వచ్చి, "అన్నా, దండ ఇందులో ఎయ్యి" అంది.

"యా దండ?"

"మెడలోది. మా సంఘం పద్ధతి అట్ల. బిడ్డల గుడ్డలకు కావాల."

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "నాకిచ్చినారనుకుంటి" అన్నాడు. దండ తీసి, నలగకుండా మడిచి సంచిలో పెట్టాడు. ఉగ్గాని పొట్లం బెంచీ మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

పెద్దమ్మ ఎక్కడికి వెళ్ళినా ఒక పౌడరు డబ్బాలో నూలు వడికే తకిలీ, దూది ఏకులు పెట్టుకుని వచ్చేది. బస్సెక్కగానే వడకడం మొదలుపెట్టేది. ఆ రోజు నంద్యాలకు తిరిగొచ్చే బస్సులో డబ్బా తెరవలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"ఆ అధికారి దగ్గర ఎట్ల తీసుకుంటినో, ఈయన దగ్గరా అట్లే తీసుకుంటి. అవునా?"

"అవును పెద్దమ్మా."

"మరి నాకెందుకిట్ల ఉండాది?"

శిరివెళ్లలో బస్సు ఆగితే ఆమె లేచి సంచి అందుకుంది. కండక్టరు ఆశ్చర్యపోయాడు. "నంద్యాలకు టిక్కెట్టు తీసుకుంటివి గదా పెద్దమ్మా, ఈడ దిగుతాండావేంది?"

"ఆళ్ళగడ్డలో ఒగటి మర్చిపోతి."

"ఏం సామాను?"

"మర్యాద."

తిరుగు బస్సు వెంటనే లేదు. పత్తి బస్తాలు వేసుకుని పోతున్న ట్రాక్టరు ఆపి, వాటి మీద కూర్చుని ఆళ్ళగడ్డ చేరాం. ఆయన ఇంటి ముందు చాప మీద దూది ఏకుతూ ఉన్నాడు. మమ్మల్ని చూసి కూడా దూది కొట్టే విల్లు ఆపలేదు.

"అన్నా, తప్పు నాది. ముందే చెప్పాల్సింది. ఇది నీదే, తీసుకో" అంది పెద్దమ్మ దండ చాచి.

"వద్దులేమ్మా. ఒగసారి తీసిన దండ మళ్ళ ఏసుకునేది లేదు."

"కోపమా?"

"కోపమేముంది? బిడ్డలకే గదా. మంచి పనే."

"మరి తీసుకో."

"వద్దంటి గదా."

ఎంత చెప్పినా అదే మాట. పెద్దమ్మ చాప అంచున కూర్చుంది. ఆయన ఏకిన దూది కొంచెం తీసుకుని వేళ్ళతో సాగదీసి చూసింది. మా ఏకులు ఉండలు ఉండలుగా ఉంటాయని, అందుకే నూలు ముతకగా వస్తోందని, మాకు ఏకులు చేసి ఇస్తావా అని అడిగింది.

"దుడ్లిస్తే చేస్తా" అన్నాడు. "ఊరికే ఇచ్చేది వద్దు. ఊరికే ఇచ్చింది మీరు మళ్ళ అడుగుతారు."

ఆమె సరేనంది. అప్పటినుంచీ మా సంఘానికి ఏకులు ఆయనే చేశాడు. మా నూలు సన్నబడింది. ఆయన తెచ్చి ఇచ్చిన ప్రతిసారీ డబ్బులు చేతిలో పట్టుకుని, "ఇవి మళ్ళ అడగరు గదా?" అనేవాడు. ప్రతిసారీ పెద్దమ్మ ఆ మాట పడేది.

ఆళ్ళగడ్డలో తీసిన దండను ఆమె దాచిపెట్టలేదు. మిగతా నూలులో కలిపేసింది. "దాస్తే ఎవురికీ పనికిరాదు" అంది. కానీ ఆ తర్వాత, దండ వేసే ముందే "ఇది తిరిగి అడుగుతాం, సమ్మతమేనా?" అని అడగడం పద్ధతి చేసింది. ఆయన ఒక్కడికి మాత్రం తిరిగి అడగని దండ ఒకటి ఏటేటా తనే వడికేది. ఆయన పంద్రాగస్టుకు ఏకుల మూట తీసుకుని నంద్యాల వచ్చేవాడు, చివరి వరుసలో కూర్చునేవాడు. వేదిక మీదికి పిలిస్తే చెయ్యి అడ్డంగా ఊపేవాడు.

"నా మాట ఎట్లా వినడు. మీ దేవునితో అన్నా చెప్పించు" అనేది నాతో. నేను ప్రార్థించాను కూడా. చిన్న కోరికే. అయినా తీరలేదు.

సంఘానికి చాలా ఏండ్లు నిండాయని మేమంతా పెద్దమ్మకు దండ వేయబోతే ఆమె వెనక్కి జరిగింది. "ఆ అన్న ఏసుకున్న దినం నాకూ ఎయ్యండి. అంతదాకా నాకొద్దు. పోయినాక కూడా వద్దు" అంది. ఆయన చివరిదాకా వేసుకోలేదు. ఇప్పుడు ఆయనా లేడు. అంతిమయాత్రలో పెద్దమనుషులు అడిగినదానికి జవాబు ఇంతే.

కానీ ఒక చలికాలం జరిగింది చెప్పకపోతే ఆ ఇద్దరి సంగతి సగమే చెప్పినట్టు అవుతుంది. మెత్తబడిన పొత్తిగుడ్డల మూట తీసుకుని మేమిద్దరం కాన్పుల వార్డుకు వెళ్ళాం. ఆయా ఎదురొచ్చింది. "మీ దూదేకుల తాత మగోళ్ళ వార్డులో ఉండాడు. దగ్గు. ఈడికి తెచ్చి మూడు దినాలాయ. కప్పుకోను దుప్పటి లేదు, వణుకుతాండాడు."

పెద్దమ్మ మూటతోనే అటు తిరిగింది.

"అవి బిడ్డలవి పెద్దమ్మా!" ఆయా వెనక నుంచి అరిచింది.

"తెలుసులే."

ఆయన ముడుచుకుని పడుకుని ఉన్నాడు. పెద్దమ్మ మూట విప్పి గుడ్డలు ఒక్కొక్కటే కప్పడం మొదలుపెట్టింది. చిన్న గుడ్డలు కదా, ఒకదాని అంచు మీద ఒకటి, ఇంటిపైన పెంకులు పరిచినట్టు పరిచింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏందిది?"

"నువ్వు ఏకిన దూదే అన్నా."

ఆయన ఒక గుడ్డ అంచు పట్టుకుని చెంపకు ఆనించుకున్నాడు. పెద్దమ్మను చూసి, "మళ్ళ అడుగుతావా?" అన్నాడు.

ఈసారి ఎగతాళి లేదు ఆ గొంతులో. పెద్దమ్మ ఆయన వైపు చూడలేదు. గుడ్డ సర్దుతూనే, "అడగను" అంది.

"అయితే కప్పు" అని కళ్ళు మూసుకున్నాడు.

ఆయన పొడుగు మనిషి. మూట అయిపోయినా పాదాలు బయటే ఉన్నాయి. పెద్దమ్మ మంచం చివర కూర్చుని, తన కొంగు లాగి ఆ పాదాలకు చుట్టింది. చుట్టూ ఉన్న రోగులు చూస్తున్నారు. ఆయా వచ్చి, "లెయ్యి పెద్దమ్మా, డాక్టరు వస్తాండాడు" అంది. "ఇప్పుడే నిద్రపట్టింది, ఎట్ల లేచేది?" అంది పెద్దమ్మ గొంతు తగ్గించి. కొంగు లాగితే ఆయనకు మెలకువ వస్తుందని, నడుము వంచుకుని, అట్లే కూర్చుని ఉంది.